ఆఫీసు రంగు

ఆ గులాబీ రంగు స్వెటరు ఆఫీసుకి వేసుకెళ్ళకపోయి ఉంటే ఎంత బావుండేదో అని సుకీర్తి తర్వాత చాలాసార్లు అనుకుంది.

జనవరి మొదట్లో ఒక పొద్దున, ఆ హిందీ ఊళ్ళో, సిద్ధగోరా వీధుల్లో మంచు ఇంకా విడవకముందే, తెల్ల చొక్కా మీద దాన్ని తొడుక్కుని, చొక్కా కాలరు పైకి తీసి, చేతులు ఒక మడత వేసి అద్దంలో చూసుకుంది. నచ్చింది. ఊలు సాక్చీ బజారులో తానే ఏరి తెచ్చుకుంది. దసరాకి మొదలుపెట్టి క్రిస్మస్‌కి పూర్తి చేసింది. తల్లి ఫ్లోరెన్సు చంక దగ్గర కుట్లు ఎలా తగ్గించాలో నోటితో చెప్పింది గానీ సూదులు మాత్రం ముట్టుకోలేదు.

టెల్కో కాలనీకి వెళ్ళే దారిలో ఉన్న ట్రక్కుల షోరూంలో సుకీర్తి ఉద్యోగం. కంట్రాక్టు మీద చేరి రెండేళ్ళు కావస్తోంది. షోరూం ముందంతా అద్దాలు. అద్దాల వెనక పొడుగాటి కౌంటరు. అక్కడ ఆడవాళ్ళు కూర్చుని వచ్చే డ్రైవర్లతోనూ ఓనర్లతోనూ మాట్లాడతారు. ఆ రోజు మేనేజరు సునీల్ కౌంటరు ముందు నుంచి వెళ్తూ ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, సుకీర్తిని తేరిపార చూశాడు.

"ఇదే! నేను వెతుకుతున్న ఆఫీసు లుక్ ఇదే," అన్నాడు హిందీలో. వెంటనే ఫోను తీసి ఫోటో కొట్టాడు. సుకీర్తి నవ్వింది. అప్పటికి ఆమెకు అది మెచ్చుకోలుగానే తోచింది.

తర్వాతి సోమవారం మీటింగు గదిలో బల్ల మీద ఒక అట్టపెట్టె కనిపించింది. లోపల ప్లాస్టిక్ సంచుల్లో గులాబీ స్వెటర్లు. ముందువైపు బొత్తాలు, ఎడమ పక్క కంపెనీ గుర్తు. రంగు అచ్చం సుకీర్తి స్వెటరు రంగే. మందం మాత్రం అందులో సగం లేదు. చేత్తో పట్టుకుంటే వెలుతురు అవతలికి కనిపిస్తోంది.

"శుక్రవారం జోనల్ సాహెబ్ వస్తున్నారు," అన్నాడు సునీల్. "ఆఫీసులో ఆడవాళ్ళందరికీ ఒకే రంగు. ఎలా వేసుకోవాలో సుకీర్తి నేర్పుతుంది. స్టైలింగ్ ఇన్‌చార్జి తనే."

రూల్సు ఆయనే చెప్పాడు. లోపల తెల్లది ఉండాలి. కాలరు బయటికి. పై బొత్తం ఒక్కటే వదిలెయ్యాలి. చేతులు ఒక మడత. జుట్టు ముడి. చీర కట్టేవాళ్ళు పమిట స్వెటరు లోపలికి దోపి పిన్ను పెట్టుకోవాలి. పైన శాలువా, జాకెట్, మఫ్లరు ఏదీ ఉండకూడదు.

"మరి మగవాళ్ళకి సర్?" అని అడిగింది బిందుప్రియ. కౌంటరులో అందరికన్నా చిన్నది. తెలుగు పిల్లే అయినా నోరు తెరిస్తే హిందీయే.

"వాళ్ళకి వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు సునీల్, దూది కుక్కిన తన జాకెట్ జిప్పు గడ్డం దాకా లాక్కుంటూ.

ఆ పొద్దున సుకీర్తి ఒక్కొక్కళ్ళ ముందు నిలబడి కాలర్లు తీసింది, చేతులు మడిచింది, భుజాల దగ్గర ముడతలు లాగింది. మామూలుగా ఆమెతో కబుర్లాడే వాళ్ళు గోడ వంక చూస్తూ నిలబడ్డారు. బిందుప్రియ మాత్రం, "దీదీ, ఆప్ కే శౌక్ మే హమ్ సబ్ ఫస్ గయే," అంది. నీ సరదాకి మేమంతా ఇరుక్కున్నాం అని. నవ్వుతూనే అంది గానీ సుకీర్తి చెయ్యి ఆ కాలరు మీద ఒక క్షణం ఆగిపోయింది.

చివర పద్మకుమారి వంతు వచ్చింది. షోరూం తెరిచిన నాటి నుంచీ కౌంటరులో మొదటి కుర్చీ ఆవిడది. యాభై దాటిన మనిషి, భారీ విగ్రహం. అన్నిటికన్నా పెద్ద సైజు స్వెటరు తీసి వేసుకుంది. చేతులు మోచేతి పైన బిగుసుకున్నాయి. ఛాతీ మీద బొత్తాలకీ కాజాలకీ మధ్య బెత్తెడు దూరం మిగిలింది.

"ఊపిరి బిగబట్టీమంటావేటమ్మా?" అని నవ్వింది పద్మకుమారి. నిజంగానే బిగబట్టింది. సుకీర్తి రెండు అంచులూ పట్టుకుని లాగింది. ఒక బొత్తం పట్టింది. పద్మకుమారి ఊపిరి వదలగానే అది తెగి బల్ల కిందికి దొర్లిపోయింది.

సునీల్ గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. సుకీర్తిని బయటికి పిలిచాడు.

"ఇంకా పెద్ద సైజు రాదట. ఆవిణ్ణి వెనక రికార్డు గదిలో కూర్చోబెట్టు. నువ్వే చెప్పు. మీరిద్దరూ ఒకే భాష వాళ్ళు, నొచ్చుకోకుండా చెప్పగలవు."

"శుక్రవారం వరకేనా సర్?"

"చూద్దాం," అని ఆయన ఫోను చెవిన పెట్టుకున్నాడు.

సుకీర్తి లోపలికి వెళ్ళింది. పద్మకుమారి వంగి ఆ బొత్తాన్ని వెతుకుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆంటీ, సాహెబ్ వచ్చి వెళ్ళేదాకానే..." అంది. మిగతాది చెప్పక్కర్లేకుండానే పద్మకుమారి నిటారుగా లేచి నిలబడింది. స్వెటరు విప్పి, మడిచి, సుకీర్తి చేతిలో పెట్టింది.

"అలాగే. కాగితాలన్నీ చెల్లాచెదరుగా ఉన్నాయిలే ఆ గదిలో. సద్దీవొచ్చు," అంది. కౌంటరు దగ్గరికి వెళ్ళి తన కుర్చీ మీది దిండూ, మంచినీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె తీసుకుంది. మధ్యాహ్నానికి ఆ కుర్చీలో బిందుప్రియ కూర్చుంది. వచ్చిన డ్రైవర్లు, "దీదీ కహాఁ?" అని అడిగితే లోపలున్నారని చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే సుకీర్తి తన స్వెటరు విప్పి మంచం మీద పడేసింది. సంచిలోంచి పద్మకుమారికి పట్టని స్వెటరు తీసి దాని పక్కన పరిచింది. పొట్ట దగ్గర ఎంత తక్కువైందో బెత్తలు పెట్టి కొలిచింది.

ఫ్లోరెన్సు టీ గ్లాసుతో వచ్చి చూసి, "ఇదేటే, రెండయ్యాయి?" అంది. సుకీర్తి జరిగింది చెప్పింది. తల్లి కంపెనీ స్వెటరు పక్క కుట్టు తిరగేసి చూసింది.

"పక్కలిప్పి మధ్యలో పట్టీలల్లి కలిపితే సరిపోద్ది," అంది చివరికి. "కానీ ఆ రంగు ఊలు ఇప్పుడు దొరుకుద్దేటి? ఏటా మారిపోద్ది."

సుకీర్తి తన స్వెటరు కింది అంచు తిరగేసి చివరి ముడి వెతికింది. పళ్ళతో కొరికి తెంపింది. పోగు లాగితే ఒక వరస జరజరా ఊడి వచ్చింది.

"ఓలమ్మో! మూడు నెలలల్లేవు కదే!"

"ఇప్పుడిది నాదెక్కడమ్మా. ఆఫీసులో అందరికీ ఉంది," అంది సుకీర్తి. ఆ మాటలో కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. పోగు లాగుతూనే ఉంది. ఫ్లోరెన్సు నిట్టూర్చి ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాపింది. వచ్చే పోగు వంకర్లు తిరిగి, తల్లి చేతుల మీద చుట్టు చుట్టుకుంటోంది. వీపు అయిపోయింది. చేతులు అయిపోయాయి. మెడ దగ్గర కష్టపడి అల్లిన రెట్టింపు పట్టీ చిటికెలో పోయింది. ఊలు వంకర్లు పోవడానికి గోరువెచ్చని నీళ్ళలో ముంచి, చిలపలు కట్టి తీగ మీద వేశారు. మర్నాడు ఎండలో ఫ్లోరెన్సు దానికి బరువుగా ఒక చెంబు వేలాడదీసింది.

మంగళ, బుధవారాలు సుకీర్తి ఆఫీసు నుంచి వస్తూనే సూదులు పట్టుకుంది. బ్లేడుతో స్వెటరు పక్కలు కుట్టు కుట్టుగా విప్పింది. మిషను కుట్టు కాబట్టి ఒక చోట తప్పితే మొత్తం పీచవుతుంది. కింది అంచు నుంచి చంక దాకా, అక్కడ నుంచి మోచేతి దాకా సాగే పట్టీలు రెండు అల్లింది. చంక దగ్గర మూడు కుట్లు పెంచింది, చెయ్యెత్తితే లాగకుండా. పట్టీలని పక్కలకి కలిపి కుట్టాక ఫ్లోరెన్సు దాన్ని తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది. దగ్గరికి వచ్చి చూస్తే తప్ప అతుకు తెలియలేదు. తెగిన బొత్తం స్థానంలో కొత్తది కూడా పెట్టింది.

గురువారం మధ్యాహ్నం టిఫిను వేళ సుకీర్తి రికార్డు గదికి వెళ్ళింది. గదికి కిటికీ లేదు. సిమెంటు నేల మంచుగడ్డలా ఉంది. పద్మకుమారి బూడిదరంగు సాక్సులు వేసుకున్న కాళ్ళు కుర్చీ మీదికి పెట్టుకుని, ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని కూర్చుంది. అరలు సగం సర్ది ఉన్నాయి.

సుకీర్తి సంచి తెరిచి స్వెటరు ఇచ్చింది. పద్మకుమారి దాన్ని ఒళ్ళో పరుచుకుని పక్కనున్న పట్టీ మీద వేలు రాసింది.

"ఇది మిషనుది కాదు. నీ స్వెటరు ఊలే కదేటి?"

సుకీర్తి తలూపింది.

"పిచ్చిగుంటా," అంది పద్మకుమారి మెల్లిగా. లేచి, పమిట తీసి, స్వెటరు తొడుక్కుంది. సుకీర్తి పమిటని లోపలికి సర్ది భుజం దగ్గర పిన్ను పెట్టింది. బొత్తాలు ఒక్కొక్కటే పట్టాయి. పద్మకుమారి ఒక చెయ్యి పైకెత్తి చూసింది, రెండోది ఎత్తి చూసింది.

"బాగా కుదిరింది. నాకెవలూ ఏటీ అల్లలేదు ఇన్నాళ్ళూ. నేనే అల్లీదాన్ని," అంది. చెయ్యి దించి, "కానీ పాపా, ఈ గదిలో ఒకలాగుంది గానీ, అక్కడ తలుపు తీత్తే గాలి సూదుల్లాగ గుచ్చుద్ది. మీరెలగున్నారు ఇది వేసుకుని?" అని అడిగింది.

సుకీర్తి ఖాళీ సంచి మడుచుకుంది. తానూ కంపెనీ స్వెటరు కింద, చొక్కా లోపల రెండు బనీన్లు వేసుకుంటోందని, అయినా మూడు రోజుల నుంచీ సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని, టైపు చెయ్యలేక బల్ల కింద చేతులు తొడల మధ్య పెట్టుకుంటోందని ఎవరికీ చెప్పలేదు. ఇన్‌చార్జి తానే కదా.

శుక్రవారం పద్మకుమారి వెనక గదికి పోకుండా నేరుగా కౌంటరుకి వచ్చింది. బిందుప్రియ కుర్చీ ఖాళీ చేసింది. సునీల్ కేబిన్‌లోంచి బయటికి వచ్చి, ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, "అచ్ఛా," అని వెళ్ళిపోయాడు.

పదకొండు దాటాక జోనల్ సాహెబ్ వచ్చాడు. తెల్లజుట్టు, మెడకి ఊలు మఫ్లరు, మెత్తని మాట. వెంట ఇద్దరు. అద్దాల తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉంచారు. కౌంటరు వెనక ఆరుగురు గులాబీ స్వెటర్లలో వరసగా నిలబడ్డారు. ఫోటోలు తీశారు. సాహెబ్ తల పంకిస్తూ వరసంతా చూశాడు.

"ఎవరిదీ ఆలోచన?"

సునీల్ సుకీర్తిని ముందుకి చూపించాడు. సాహెబ్ ఆమెకి అభినందనగా తలూపి, పెద్దావిడ గదా అని పద్మకుమారి ముందు ఆగాడు. "మాతాజీ, మీకెలా ఉంది?" అని హిందీలో అడిగాడు.

పద్మకుమారి ఆయన్ని ఒక డ్రైవరుని చూసినట్టే నిదానంగా చూసింది. "రంగు బావుంది సార్. చలే ఆగడం లేదు. తలుపు తెరిచినప్పుడల్లా ఎముకల్లోకి పోతోంది. శాలువా కప్పుకోనివ్వరు. ఈ పిల్లలు పొద్దున్నించి సాయంత్రం దాకా వణుకుతున్నారు."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మగవాళ్ళ సీట్ల వైపు ఎవరో దగ్గారు. సునీల్ నవ్వాడు. "ఆవిడకి వయసైంది సర్. చలి ఎక్కువ."

సాహెబ్ చూపు మళ్ళీ సుకీర్తి మీదికి వచ్చింది. "నువ్వు చెప్పు బేటా. చలేస్తోందా?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. బిందుప్రియ పెదాలు నీలంగా ఉన్నాయి. సాహెబ్ భుజం మీదుగా సునీల్ కళ్ళు సుకీర్తి మీద నిలబడి ఉన్నాయి. అవునన్న మాట నాలుక మీదికి వచ్చింది. కంట్రాక్టు మార్చితో అయిపోతుందన్న సంగతి దాని మీద వచ్చి కూర్చుంది. వీపు వెనక చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని నలుపుకుంటున్నాయి.

"లేదు సర్," అంది. "వెచ్చగానే ఉంది."

"గుడ్," అన్నాడు సాహెబ్. ముందుకి కదిలాడు.

శనివారం సుకీర్తి ఎదురు చూసిన నిష్ఠూరం ఎవరూ ఆడలేదు. పద్మకుమారి టిఫిను డబ్బా తెరిచి, "వంకాయ మెంతికారం. తీసుకో," అని రోజులాగే సుకీర్తి వైపు జరిపింది. సుకీర్తి తీసుకుంది. తిట్టినా బావుండును అనుకుంది. బిందుప్రియ మాత్రం వేరే బల్ల దగ్గర కూర్చుని తింది.

సాయంత్రం సునీల్ ఆమెని కేబిన్‌కి పిలిచాడు. గదిలో హీటరు ఎర్రగా వెలుగుతోంది. లోపలికి అడుగుపెట్టగానే ఒళ్ళంతా సడలిపోయి, ఆ హాయికి సిగ్గేసింది సుకీర్తికి.

"సాహెబ్‌కి నువ్వు నచ్చావు. మార్చిలో నీ కన్ఫర్మేషను సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు సునీల్. "సోమవారం నుంచి పొద్దున్నే తలుపు దగ్గర నిలబడు. ఎవరెలా వచ్చారో చూసి లోపలికి పంపు. రూలు పాటించనివాళ్ళు వెనక గదిలో కూర్చుంటారు. నా దాకా రానక్కర్లేదు, నువ్వే చెప్పెయ్. నిన్నటి లాగ ఇంకోసారి జరగకూడదు."

ఎవరి గురించో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఫ్లోరెన్సు, "ఆవిడకి స్వెటరు సరిపోయిందేటే? చెప్పనే లేదు," అని అడిగింది. సరిపోయిందంది సుకీర్తి. కన్ఫర్మేషను మాట కూడా చెప్పింది. తల్లి దారిలోనే ఆగి కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. ఆ ముఖం చూశాక సుకీర్తికి మిగతాది చెప్పాలనిపించలేదు.

సోమవారం చలి ఇంకా పెరిగింది. రోడ్డు అవతల టీ బండి కూడా కనిపించనంత మంచు. సుకీర్తి అద్దాల తలుపు దగ్గర నిలబడింది. బిందుప్రియ వచ్చింది. రోడ్డు దాటే దాకా కప్పుకున్న మఫ్లరు మెట్ల మీదే తీసి సంచిలో కుక్కుకుని, ఎదురుగా నిలబడి, చూసుకో అన్నట్టు చేతులు చాపింది. సుకీర్తి తల తిప్పుకుంది. బిందుప్రియ లోపలికి పోయింది. ఇంకొకళ్ళూ, ఇంకొకళ్ళూ వచ్చారు. ఎవరికి వాళ్ళే మెట్ల మీద శాలువాలు తీసేస్తున్నారు. చెప్పవలసిన పనే రాలేదు.

గోల్‌మురి నుంచి వచ్చే షేరాటో ఆగింది. పద్మకుమారి దిగింది. మట్టిరంగు మందపాటి శాలువా తల మీంచి మోకాళ్ళ దాకా కప్పుకుని ఉంది. మెట్లెక్కింది. తీయలేదు. తలుపు దాకా వచ్చి ఆగింది. శాలువా మెడ దగ్గర కొంచెం జారి, లోపల గులాబీ రంగు కనిపించింది.

"నువ్వు చేసింది తియ్యలేదమ్మా. దాని మీదే కప్పుకున్నాను," అంది. "రాత్రంతా మోకాళ్ళు లాగేసినాయి. ఇంక నావల్ల కాదు. వెనక గదికి పొమ్మంటే పోతాను. నీ ఉద్యోగం నీది, నీ మీద నాకేటీ లేదు. ఇది మాత్రం తియ్యను."

అద్దంలోంచి సునీల్ కేబిన్ కనిపిస్తోంది. ఆయన కుర్చీలోంచి సగం లేచి ఇటే చూస్తున్నాడు. ఆ చూపు వీపు మీద పడడం సుకీర్తికి వెనక్కి తిరగకుండానే తెలిసింది. పద్మకుమారి ఎటు పొమ్మంటారో అన్నట్టు నిలబడి ఉంది. తొందర పెట్టలేదు. ఆవిడ ఊపిరి తెల్లగా పొగలాగ బయటికి వచ్చి కరిగిపోతోంది.

వెనక గది అన్న మాట అనడానికి సుకీర్తి నోరు తెరిచింది కూడా. తెరిచాక అది రాలేదు.

"మీ కుర్చీలోకెళ్ళండి ఆంటీ," అంది. తలుపు తెరిచి పట్టుకుంది.

పద్మకుమారి ఆమె వంక ఒకసారి చూసి లోపలికి నడిచింది. శాలువాతోనే కౌంటరు వెనక్కి వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుంది. బిందుప్రియ ఆవిడనీ సుకీర్తినీ మార్చి మార్చి చూసింది.

కౌంటరు మీద ఇంటర్‌కం మోగింది. సుకీర్తే వెళ్ళి ఎత్తింది.

"క్యా హై యే?" సునీల్ గొంతు నెమ్మదిగానే ఉంది. "పద్మాజీని వెనక్కి ఎందుకు పంపలేదు?"

"చలేస్తోంది సర్."

"ఆవిడకా? ఆవిడకి ఎప్పుడూ ఉండేదే."

"నాకు," అంది సుకీర్తి. "శుక్రవారం కూడా వేసింది సర్. సాహెబ్‌కి అబద్ధం చెప్పాను."

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. సుకీర్తి రిసీవరు దించింది. పక్కన సంచీ జిప్పు లాగిన చప్పుడైంది. బిందుప్రియ మఫ్లరు తీసి, మెడకి రెండు చుట్లు చుట్టుకుంటోంది. సుకీర్తి వైపు చూడలేదు గానీ, కుర్చీ ఒకటి కాలితో ఆమె వైపు తోసింది.

సుకీర్తి కూర్చుంది. తలుపు తోసుకుని ఒక డ్రైవరు లోపలికి వచ్చాడు. అతనితోపాటు మంచుగాలి కౌంటరు మీది కాగితాలని లేపింది. వెనక కేబిన్ తలుపు తెరుచుకుంది. బూట్ల చప్పుడు ఇటే వస్తోంది. సుకీర్తి కొంకర్లు పోయిన రెండు చేతులూ బల్ల మీద పెట్టి, వెనక్కి తిరగకుండా, "చెప్పండి భయ్యా," అంది.